అశోక్‌నగర్ సెల్లారు గుంత

చిక్కడపల్లి,
22 జూలై 2012

అన్నా,

కానిస్టేబుల్ కాబోయేవాడి ఫోన్‌నే పోలీసులు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశారంటే మొదట బాగా నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. నా గోడు వినడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు? నీ ట్రైనింగ్ తొమ్మిది నెలలూ కాగితం మీదే మొత్తుకోవాలి కాబట్టి ఇవాళే మొదలుపెడుతున్నాను. ఓపిగ్గా చదువు.

సైక్లోక్రాస్ అంటే ఏమిటో అమ్మకు చెప్పడం నా వల్ల కాలేదు. బురదలో, గడ్డిలో, మెట్ల మీద సైకిల్ రేసు, తొక్కలేని చోట దిగి సైకిల్‌ని భుజాన వేసుకుని పరుగెత్తాలి అన్నాను. "తొక్కరాని కాడికి సైకిల్ ఎందుకు తీస్కపోవుడు? ఇంట్ల పెట్టి ఉత్త చేతులతోని ఉరుకరాదు?" అంది. నవ్వి ఊరుకున్నాను.

నవ్వులాట కాదన్నా ఇది. డిసెంబర్ రెండు నుంచి జనవరి ఆఖరు దాకా మా క్లబ్బు వాళ్ళు నాలుగు ఆదివారాలు నాలుగు రేసులు పెడుతున్నారు. అన్నీ కలిపి మొదటి ముగ్గురిలో నిలిచిన ఆడపిల్లలు రాష్ట్ర జట్టులోకి వెళ్తారు. జట్టులో పేరుంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. లైబ్రరీలో పొద్దుట్నించి సాయంత్రం దాకా కూర్చుని పరీక్షలు గెలిచే బుర్ర నాది కాదని నీకు తెలుసు, నాకూ తెలుసు. నాకున్నవి రెండు కాళ్ళు, సీజన్ అయ్యేదాకా వాడుకోమని క్లబ్బు ఇచ్చిన సైకిలు.

కానీ ప్రాక్టీసు ఎక్కడ చేయను, నా తలకాయ మీదా? ఇందిరా పార్కులో సైకిల్ లోపలికి తోయగానే వాచ్‌మన్ విజిలు. నారాయణగూడలో మా కాలేజీ గ్రౌండుకు తాళం. అడిగితే "మగపిల్లల క్రికెట్ ఉన్నది" అంటారు. ఫ్లైఓవర్ ఎక్కుదామంటే ఆటోవాళ్ళు పక్కకొచ్చి "ఏమక్కా, టైరు పంచరా?" అని అడుగుతారు. బురద కావాలి నాకు, ఊళ్ళో ఎక్కడ చూసినా సిమెంటే! ప్రభావతి మేడమ్ సంగతి చెప్పాను కదా, ఒకప్పుడు నేషనల్స్ తొక్కిన మనిషి, మా కోచ్. మొన్న అందరి ముందూ అంది: "తొక్కుడు వచ్చు నీకు. దిగుడు రాదు. సిటీ బస్సు దిగినట్టు దిగుతవు." ఏడుపొచ్చింది.

ఒక్క మంచి మాట. నిన్న అశోక్‌నగర్‌లో ఒక గుంత దొరికింది. అపార్ట్‌మెంటు కోసం సెల్లారు తవ్వి, పాలుదార్లు కొట్లాడుకుని రెండేళ్ళుగా వదిలేశారట. లారీలు దిగడానికి వేసిన మట్టి ర్యాంపు అలాగే ఉంది. వానకు అడుగంతా బురద. రేకు కంచెలో ఒక సందు కూడా ఉంది. దాన్ని చూసి నాకు కలిగిన సంతోషం చెప్తే పిచ్చిదంటావు.

నీ చెల్లె
అంబిక

—

పోలీస్ ట్రైనింగ్ సెంటర్, కరీంనగర్
5 ఆగస్టు 2012

పిచ్చి చెల్లెకు,

గుంత దొరికినందుకు పొంగిపోయిన మనిషిని లోకంలో నిన్నే చూశాను. ఇక్కడ మాకు బురద ఉచితం. పొద్దున అయిదింటికి అందులోనే పాకిస్తారు. పక్క మంచం జోగారావు శ్రీకాకుళం నుంచి వచ్చాడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "మీ చెల్లిని ఇక్కడికి పంపించీయండి, మనం ఇంటికి పోదాం" అన్నాడు.

దిగడం రాలేదని ఏడవకు. చిన్నప్పుడు ఇసుక బస్తా మోసేటప్పుడు కురుమయ్య మామ నాకొక సంగతి చెప్పాడు. బరువు భుజం మీద పడ్డాక అడుగు వేస్తే ఆలస్యం, అడుగు వేస్తూనే బరువు ఎత్తుకోవాలి. సైకిల్‌కు పనికొస్తుందో లేదో చూడు.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బుగ్గయ్య మేస్త్రికి పని దొరికిందా? వానాకాలం అమ్మతో కలిపి మన కూలీల ముఠా పదకొండు మందీ పని కోసం అడ్డా మీద నిలబడే రోజులే ఎక్కువ కదా. నువ్వు ఉత్తరమంతా నీ గోడే రాశావు. అమ్మ గురించి ఒక్క ముక్క, అదీ వెక్కిరింత. ఈసారి సరిగ్గా రాయి.

ఎల్లేష్

—

చిక్కడపల్లి,
16 సెప్టెంబర్ 2012

అన్నా,

కురుమయ్య మామ మాట పనికొచ్చింది! ఎడమ వైపు దిగుతూ ఉండగానే కుడి చెయ్యి ఫ్రేము కిందికి పోవాలి, రెండో అడుగుకు సైకిల్ భుజం మీద ఉండాలి. నలభై రోజులు ఆ గుంతలో చేశాను. ర్యాంపు మీద ఇరవై సార్లు పైకి, ఇరవై సార్లు కిందికి. మోకాలెత్తు కర్రలు రెండు పాతి వాటి మీంచి దూకడం. ఫ్రేము ఒరుసుకుని భుజం కమిలిపోతే అమ్మ చూసి ఏమీ అడక్కుండా తన చుట్టబట్ట తెచ్చి జాకెట్ లోపల కుట్టింది. "మేం నెత్తిన పెట్టుకునేది నువ్వు బుజాన పెట్టుకో" అంది. ప్రభావతి మేడమ్ మొన్న గడియారం చూసి "ఇప్పుడు దిగినవ్" అని ఒక్క మాట అంది. ఆమె నోట్లోంచి అంత రావడమే గొప్ప.

అంతా బాగుందనుకునేలోపు నా నెత్తిన పిడుగు పడింది.

నిన్న అమ్మ నవ్వు మొహంతో వచ్చింది. బుగ్గయ్య మేస్త్రికి పెద్ద పని కుదిరిందట. వచ్చే ఉగాది దాకా ఢోకా లేదట. అందరూ పక్కపక్కనే, ఇంటికి నడిచి రావచ్చట. ఎక్కడమ్మా అంటే, "అశోక్‌నగర్ల. ఏదో సెల్లారు గుంత ఆగిపోయి ఉండెనట, పాలుదార్లు రాజీ పడ్డరట" అంది.

అన్నా, నా గుంత!

"మంచిదేనమ్మా" అని బయటికొచ్చి సైకిల్‌కు గాలి కొడుతూ నిలబడ్డాను. అది అప్పటికే నిండా గాలి ఉన్న టైరు. అక్టోబర్ ఒకటిన పని మొదలు. నాకు రేసు డిసెంబర్ రెండు. రెండే నెలలు ఆగితే వాళ్ళ సొమ్మేం పోయేది? రెండేళ్ళు ఆగినవాళ్ళకు ఇప్పుడే తొందరొచ్చిందా? మిగతా అమ్మాయిలకు ఫామ్‌హౌసులున్నాయి, ఊరవతల స్థలాలున్నాయి, కార్లలో సైకిళ్ళు వేసుకుపోతారు. నాకున్నది ఒక్క గుంత. దాన్నీ పూడ్చేది మా అమ్మేనా?

నన్ను తిట్టకు. తిడతావని తెలుసు.

అంబిక

—

కరీంనగర్,
29 సెప్టెంబర్ 2012

చెల్లే,

తిట్టడం లేదు, మొట్టికాయ వేయాలనుంది. చెయ్యి అందడం లేదు.

అమ్మ అడ్డా మీద నిలబడకుండా ఆరు నెలలు ఒకే చోట పని దొరకడం మనింట్లో ఎప్పుడు జరిగింది? నాకు గుర్తున్నంతలో లేదు. నీ గుంత పోతే ఇంకో గుంత దొరుకుతుంది. హైదరాబాదులో గుంతలకు కరువా? మూసీ ఒడ్డుకు పో, ఉప్పల్ దాటి పో. పొద్దున్నే నాలుగింటికి లే, మేం లేవడం లేదా?

ఇక్కడ నాకు పరుగులో పేరొచ్చింది. రైఫిల్ విప్పి బిగించడంలో మాత్రం అందరికంటే వెనక. జోగారావు కళ్ళు మూసుకుని చేస్తాడు. చూస్తే ఒళ్ళు మండుతుంది. మండినా ఏం చేస్తాం, మళ్ళీ విప్పి మళ్ళీ బిగించడమే.

అమ్మకు పని దొరికినందుకు నా బదులు నువ్వు ఒక పావుకిలో జిలేబీ కొని పెట్టు.

ఎల్లేష్

—

చిక్కడపల్లి,
17 అక్టోబర్ 2012

అన్నా,

పరీక్షలున్నాయి, పొడుగ్గా రాయలేను. ప్రాక్టీసు బాగానే సాగుతోంది. గుంత ఇంకా ఉంది. పని మొదలైన వారానికే, ఎనిమిదో తారీకున, మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి ఆపేశారు. ఒక సెల్లారుకు పర్మిషన్ తీసుకుని రెండు సెల్లార్ల లోతు తవ్వారట. ఎవరో అర్జీ పెట్టారట. తప్పు తప్పే కదా? రూల్ అంటూ ఒకటి ఉంటుంది కదా?

నీకు జగదీశ్వర్ గుర్తున్నాడా, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకునే అతను? లైబ్రరీలో నా వెనక బల్ల. అతనికి ఈ సెక్షన్లు, రూళ్ళు అన్నీ నోటికి వచ్చు. అతనే చెప్పాడు, ఇది చాలా పెద్ద తప్పని.

అమ్మ బాగానే ఉంది. నిన్న ర్యాంపు పాతిక సార్లు ఎక్కాను.

అంబిక

—

కరీంనగర్,
26 అక్టోబర్ 2012

అంబికా,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. అమ్మ బాగానే ఉందంటే ఏమిటి? పనికి పోతోందా లేదా? ముఠా ఎక్కడుంది? దసరాకు ముందే హైదరాబాదులో సైట్లన్నిటికీ మన పాలమూరు ముఠాలు కుదిరిపోతాయి. ఆ టైములో పని పోగొట్టుకున్న ముఠాను మళ్ళీ ఎవరు పెట్టుకుంటారు? పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంగతి, నీకు నేను చెప్పాలా?

ఇంకొకటి. అర్జీ ఎవరో పెట్టారట అని రాసి, అడక్కుండానే జగదీశ్వర్ పేరు తెచ్చావు. నాకు ఇక్కడ రోజూ క్లాసులో అనుమానించడమే నేర్పిస్తున్నారు. నా అనుమానం తప్పని రాయి. వెంటనే రాయి.

ఎల్లేష్

—

చిక్కడపల్లి,
4 నవంబర్ 2012

నా కొడుకు ఎల్లేష్‌కు,

నేను ఆశమ్మను చెప్తున్న, చెల్లె రాస్తున్నది. ఎట్లున్నవు బిడ్డా? అన్నం మంచిగ పెడ్తున్నరా? చలికాలమొచ్చింది, చెవులకు గుడ్డ కట్టుకో. పోలీసోడివైతవని సిగ్గు పడకు.

ఇక్కడ మా పరేషాన్ ఏం చెప్పాలె. పని బందై నెల కావస్తున్నది. రోజూ పొద్దుగాల నారాయణగూడ అడ్డా మీదికి పోతున్నం, ఎండెక్కినంక వాపస్ వస్తున్నం. ఒక దినం దొరికితే నాలుగు దినాలు లేదు. ముసలి సత్తవ్వను ఎవ్వరూ పిలుస్తలేరు. కురుమయ్య కాచిగూడ స్టేషన్ కాడ మూటలు మోయవోతే అక్కడోళ్ళు తరిమిన్రట. ఎల్లవ్వ బిడ్డకు మొన్ననే పెండ్లి చేసిందిగద, మొదటి బతుకమ్మకు బిడ్డను తోలుకొచ్చుకుంట అని ఎన్ని తీర్ల అనుకున్నది! తోలుకరాలేదు. ఏ మొకం పెట్టుకొని తోలుకరావాలె? పండుగనాడు గుడిసెల్నుంచి బయటికే రాలేదు.

ఎవ్వడో అర్జీ పెట్టిండట. ఏం కడుపుమంట వానికి? లోతు తవ్వినోడు మంచిగ మేడల కూసున్నడు, దెబ్బ మా మీద పడ్డది. ఆ అర్జీ రాసిన చేతులు పడిపోను. ఆ రాసినోళ్ళు నీళ్ళకు ఏడ్వాలె.

రాస్తున్నవా బిడ్డా? ఆగినవేంది? నేనన్నది అన్నట్టు రాయి. అన్నకు తెల్వాలె.

నా మోకాళ్ళు మంచిగనే ఉన్నయ్. పని లేదుగద, నొప్పి లేదు.

మీ అమ్మ
ఆశమ్మ

(అన్నా, అమ్మ నీళ్ళు పట్టడానికి పోయింది. ఆమె అన్నవన్నీ ఒక్క మాట మార్చకుండా రాశాను. ఆ చేతులు నావి. జగదీశ్వర్ చెప్తూ పోయాడు, నేను రాశాను, కింద 'స్థానికులు' అని పెట్టాను. రెండు రోజుల్లో వీళ్ళకు ఇంకో సైటు దొరుకుతుంది, నాకు రెండు నెలలు గుంత మిగులుతుంది అనుకున్నాను. అంతే అనుకున్నాను. దసరా సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు గుర్తు చేసుకోబుద్ధి కాలేదు.)

—

కరీంనగర్,
10 నవంబర్ 2012

అంబికా,

చెల్లే అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముఠా కడుపు కొట్టి ర్యాంపు ఎక్కుతున్నావా? పాతిక సార్లని లెక్క కూడా రాశావు. అమ్మ కుట్టిన చుట్టబట్ట భుజాన వేసుకుని, అమ్మ అడ్డా మీద నిలబడి ఉన్న టైములోనే కదా! ఆ సైకిల్ మీద ఎలా కూర్చున్నావు?

లోతు తవ్వడం తప్పే. నేను కాదనను. రేపు నేనే డ్యూటీ మీద అలాంటి గుంతకు పోయి పని ఆపించవలసి రావచ్చు. కానీ నువ్వు ఆ తప్పు కోసం అర్జీ పెట్టావా? నీకోసం పెట్టుకున్నావు. రూల్ అంటూ ఉంటుంది కదా అని నాకే రాశావు, సిగ్గు లేకుండా.

అమ్మకు చెప్పు. నేను చెప్పను, నీ నోటితో నువ్వు చెప్పాలి. డిసెంబర్ పదిహేనుకు నాకు సెలవు. అప్పటికి అమ్మకు తెలిసి ఉండాలి. లేకపోతే నేను ఇంటికి రాను, ఇక్కడే ఉంటాను.

ఎల్లేష్

—

చిక్కడపల్లి,
3 డిసెంబర్ 2012

అన్నా,

చెప్పాను.

నవంబర్ పన్నెండున పని మళ్ళీ మొదలైంది. కట్టేవాళ్ళు కాగితాలు సరిచేసుకున్నారట, కింది సెల్లారు వద్దనుకుని మట్టి పోసేశారట. అంటే ముప్పై అయిదు రోజులు పోయాక గుంత నాకూ పోయింది. వాళ్ళకు పని దొరికింది కదా, ఇక చెప్పకపోయినా ఏమవుతుందిలే అని ఒక వారం నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. నీ ఉత్తరం పుస్తకంలో ఉంది, తీసినప్పుడల్లా కనపడేది.

ఇరవై నాలుగు, శనివారం సాయంత్రం అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆ పిడికెడు బియ్యం ఏరడం పూర్తి చేసి చాట పక్కన పెట్టింది.

"నాకు చెప్తే ఏమొస్తది? నేనొక్కదాన్నేనా? పదకొండు మందిమి. నడువు" అంది.

బుగ్గయ్య మేస్త్రి ఇంటి ముందు అందర్నీ కూర్చోబెట్టింది. ఊళ్ళో ఎవరైనా తప్పు చేస్తే అందరూ కూర్చుని తేల్చినట్టే. నడి మధ్యన నేను నిలబడి మళ్ళీ మొదట్నించి చెప్పాను. కురుమయ్య మామ మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. సత్తవ్వ "నా చేతుల పుట్టిన పోరి" అంటూ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఎల్లవ్వ నన్ను చూస్తూనే ఉంది.

బుగ్గయ్య మేస్త్రి అన్నాడు: "తప్పు ఒప్పుకున్నవు, మంచిది. తప్పుకు మేం ఏసే దండుగకు కట్టుబడి ఉంటవా?"

ఉంటానన్నాను.

"రేపు కాదు, పై ఐతారం, రెండు తారీకు, పునాదుల కాంక్రీటు. పదకొండు మందితోని వరస నిండదు. పన్నెండో మనిషివి నువ్వు. పొద్దుగాల ఆరింటి నుంచి అయిపోయేదాక."

"ఆ రోజే మామా, నా మొదటి రేసు" అన్నాను.

"ఎరికే. మీ అమ్మనే చెప్పింది, ఆ దినమే పెట్టుమని."

అమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ఎంత కోపం వచ్చిందో అన్నా నాకు! తప్పు నాదే, అయినా వచ్చింది. ఐదు నెలల ప్రాక్టీసు! ఏ రోజైనా పెట్టవచ్చు, వారమంతా మోయమంటే మోసేదాన్ని. ఆ రాత్రి అన్నం తినలేదు. అమ్మ తినమని కూడా అనలేదు.

ప్రభావతి మేడమ్‌కు మొత్తం చెప్పాను. ఆమె తిట్టలేదు, సముదాయించనూ లేదు. "మొదటి రేస్ సున్న. ఇగ మిగిలిన మూడింట్ల ఒక్కదాంట్ల మూడో నెంబరు వచ్చినా నీ పని ఖతం. గెలిస్తే గెలువాలె, లేకుంటే రెండో నెంబరు, అంతే" అంది. కుదురుతుందో లేదో నాకు తెలియదు. ఇప్పుడు ఎక్కడ ప్రాక్టీసు చేయాలో కూడా తెలియదు.

నిన్న పోయాను. కాంక్రీటు కలిపే మిషను పైన, పునాదులు కింద. ర్యాంపు పొడుగునా మనుషుల వరస. తట్ట ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి. నా పైన ఎల్లవ్వ, నా కింద అమ్మ. ఆ ర్యాంపు మీద సైకిల్‌తో వెయ్యిసార్లు ఎక్కి ఉంటాను, నాకు తెలియని అంగుళం లేదు. అయినా తొమ్మిదింటికే నడుము విరిగింది. అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. సిమెంటు నీళ్ళు తగిలితే ప్రాణం పోయేట్టు మండింది. ఎవరూ అయ్యో అనలేదు, ఎవరూ ఎత్తిపొడవలేదు కూడా.

పదిన్నరకు మిషను ఆపి నీళ్ళిచ్చారు. అప్పటికి అక్కడ రేసు విజిల్ వేసి ఉంటారు. నా నెంబరు పిలిచి, లేనని కొట్టేసి ఉంటారు. మిషను మళ్ళీ మొదలైంది. వరసలో నిలబడ్డాం. అప్పుడు ఎల్లవ్వ నాతో మాట్లాడింది. ఆ శనివారం తర్వాత అదే మొదటి మాట.

"ఇప్పుడేనా నీ రేసు?"

"అవునత్తా."

"ఎంతసేపుంటది?"

"నలభై నిమిషాలు."

ఆమె తట్ట పట్టుకుని ఆగిపోయింది.

"నలభై నిమిషాలకా బిడ్డా, మాయి ముప్పై అయిదు దినాలు తీసుకున్నవు?"

కోపంగా అనలేదన్నా. నిజంగానే తెలియక అడిగింది. నా కిందినుంచి అమ్మ గొంతు వినపడింది.

"వరుస ఆగుతున్నది. తట్ట అందుకో."

అందుకున్నాను.

అంబిక